తాలు గింజ

జ్ఞానమ్మ ప్లాస్టరు చివర పళ్లతో కొరికి తుంచి, మొగుడి కుడిచేతి బొటనవేలికి రెండు చుట్లు చుట్టింది. మూడో చుట్టు చుట్టబోతుంటే రాజరత్నం వేలు వెనక్కి లాక్కున్నాడు.

"చాల్లే. గోటి కొస బయటికి ఉండాలి."

"ఉండి ఏం ఉద్ధరిస్తదయ్యా? సీతాఫలం గింజలా నల్లబడిపోయింది."

"నల్లదైతే ఏం? ధాన్యానికి రంగు తెలుస్తదేంటి?"

ప్రతి పొద్దునా కట్టు కట్టే ముందు ఆమె ఆ గోటి మీద గీతలు లెక్కపెడుతుంది. గోరుకు అడ్డంగా, నాగలి చాలులా లోతుగా దిగిన గీతలు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మలయాళం నర్సమ్మ చెప్పింది: మందెక్కించిన ప్రతిసారీ గోరు పెరగడం ఆగిపోతుందట, కొన్నాళ్లకి మళ్లీ మొదలవుతుందట, ఆగిన చోటల్లా గీత పడుతుందట. సెలైనుకో గీత. ఇప్పటికి నాలుగు సెలైన్లు. ఐదోది వచ్చే సోమవారం.

"నాలుగే," అంది జ్ఞానమ్మ పైకి. అది ఆమె పొద్దుటి ప్రార్థనలో ఆఖరి ముక్కయిపోయింది.

గోళ్లు పొట్టిగా కత్తిరించుకోమనీ, తడి తగలనివ్వొద్దనీ, గోటితో గీకడం, ఒలవడం లాంటివి పెట్టుకోవద్దనీ నర్సమ్మ చెప్పింది. రాజరత్నం తొమ్మిది వేళ్ల విషయంలో ఆ మాట విన్నాడు. పదో వేలి విషయంలో వినలేదు. వింటే అన్నం పెట్టేదేది?

చొక్కా బొత్తాలు కూడా జ్ఞానమ్మే పెట్టింది. మూడో సెలైను తర్వాత నుంచి అతని వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. బొత్తం పట్టుకున్నాడో లేదో కంటితో చూసుకుంటే గాని తెలియదు. ఎడమచేతి చిటికెన వేలి గోరు అయితే ఎప్పుడు ఊడిందో కూడా తెలియలేదు. పొద్దున్న దుప్పటి దులుపుతుంటే దొరికింది. నొప్పి లేదు, నెత్తురు లేదు. పండిన గింజ మీది పొట్టులా విడిపోయింది. ఇంట్లో గోరు రాలితే అరిష్టమని జ్ఞానమ్మ నాయనమ్మ అనేది. ఆ ముసల్ది బాప్తిస్మం తీసుకున్నా ఆ మాట మాత్రం వదల్లేదు, మనవరాలికి అప్పజెప్పి పోయింది. అందుకని జ్ఞానమ్మ ఆ గోరుని ఎత్తుకెళ్లి పెంట మీద పారేసింది. నల్లకోడి వచ్చి, నూకగింజ అనుకుందో ఏమో, గుటుక్కున మింగేసింది.

ఆ రోజు నుంచి ఆ కోడి రాజరత్నం వెనకే తిరుగుతోంది. అతను అరుగు మీద కూర్చుంటే ఎదురుగా కూర్చుంటుంది. మెడ పక్కకి తిప్పి, ఒంటికన్నుతో రెప్ప వెయ్యకుండా చూస్తుంది. క్రిస్మస్‌కి పిఠాపురం నుంచి కూతురు ఆశాజ్యోతి వస్తే కోద్దామని పెంచిన కోడి. పండగ ఇంక పది రోజులుంది, పేటలో రంగుకాగితాల నక్షత్రాలు కూడా కట్టేశారు. దాని మెడ పట్టుకోవాలంటే మాత్రం జ్ఞానమ్మకి చేతులు రావడం లేదు.

రోజుకో గుడ్డు తినమన్నాడు డాక్టరు. పొయ్యి దగ్గర జ్ఞానమ్మ ఆ కోడి పెట్టిన గుడ్డే గిన్నె అంచుకు కొట్టింది. ఒక్క క్షణం గిన్నెలోకి చూసి, చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి నడిచింది.

"ఏంటే?"

"మురిగిపోయింది."

వాసనేమీ రాలేదు. రాజరత్నం గుమ్మంలో నుంచి చూస్తూనే ఉన్నాడు. ఆమె అరటి మొదట్లో ఒంపిన దానిలో నీళ్లలాంటి తెల్లసొన తప్ప పచ్చసొన లేదు. అతను తలపాగా చుట్టుకుని, సైకిలు తీసుకుని బయల్దేరాడు. కోడి వీధి మలుపు దాకా వచ్చి ఆగింది.

* * *

మండపేటలో బియ్యం మిల్లులకి కొదవ లేదు. చంద్రరావుగారి మిల్లు వాటిలో ఒకటి, పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. గేటు పక్కన కాటా, కాటా పక్కన రేకుల చూరు, దాని కింద ఒక స్టూలు. ఇరవై ఆరేళ్లుగా ఆ స్టూలు రాజరత్నానిది. వచ్చిన ప్రతి బండీ అక్కడ ఆగాలి. అతను కోసుగా ఉన్న ఇనప గొట్టంతో బస్తాని పొడిచి గుప్పెడు ధాన్యం తీస్తాడు. అరచేతుల మధ్య నలిపి, ఊది, అందులోంచి ఒక్క గింజ ఎంచుతాడు. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య దాన్ని నిలబెట్టి కుడి బొటనవేలి గోటితో నెత్తి మీద ఒక్క నొక్కు నొక్కుతాడు. పొట్టు రెండు దొప్పలుగా విడిపోతుంది, లోపలి బియ్యం విరక్కుండా అరచేతిలోకి దూకుతుంది. ఆ నొక్కులోనే అతనికి అన్నీ తెలిసిపోతాయి. తడి ఎంత, నూక ఎంత పోతుంది, ఎన్నాళ్లు చేలో పనల మీద నానింది, అన్నీ. "గట్టి" అంటే బండి లోపలికి. "తాలు" అంటే వెనక్కి. రత్నం గోరు పెట్టాక ఇంకొకరు చెయ్యి పెట్టే ఆచారం ఆ మిల్లులో లేదు.

ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు, ఆకలి నేర్పింది. తండ్రి ఇదే మిల్లులో బస్తాలు మోసేవాడు. బియ్యం పట్టుకెళ్తే దొంగతనం గాని, ఖాళీ గోనెల కుట్లలో ఇరుక్కున్న ధాన్యం గింజల్ని ఎవరూ అడిగేవారు కాదు. ఆరేళ్ల రాజరత్నం గోడ వారన కూర్చుని, వాటిని ఒక్కొక్కటే ఏరి, గోటితో ఒలిచి, పచ్చి బియ్యం నమిలేవాడు. విరిగితే సగం ముక్క దుమ్ములో పడి పోతుంది కాబట్టి విరగకుండా ఒలవడం అలవాటైంది. పెద్దయ్యాక తనూ బస్తాలు మోశాడు. ఒకనాడు చంద్రరావుగారి నాన్నగారు చూశారు, వీడు మాట్లాడుతూ మాట్లాడుతూ గుప్పెడు గింజలు ఒక్క నూక లేకుండా ఒలిచెయ్యడం. మర్నాటి నుంచి వీపు మీంచి బస్తా దిగింది, కిందికి స్టూలు వచ్చింది.

ఆ పెద్దాయన కూతురి పెళ్లికి తలంబ్రాల బియ్యం గోటితో ఒలవాలన్నారు. ముత్తయిదువులు ఒలిస్తే సగానికి సగం విరిగాయి. అప్పుడు గుట్టుగా మానికెడు వడ్లు రాజరత్నం ఇంటికి వచ్చాయి. నాలుగు రోజులు ఒలిచి, పసుపు కలపడానికి సిద్ధంగా ఇచ్చాడు. పెళ్లినాడు ఆ బియ్యం వధూవరుల నెత్తిన జలజలా రాలుతుంటే అతను పందిరి బయట, చెప్పులు విడిచే చోట నిలబడి చూశాడు. గోరు లోపలికి వెళ్లింది, మనిషి బయట ఉన్నాడు. దాని గురించి అతను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. జ్ఞానమ్మతో మాత్రం ఒకసారి అన్నాడు, "ఒక్కటీ విరగలేదే," అని.

* * *

"ఏం మావా, తిరపతెళ్లొచ్చి మూడు నెల్లయింది, ఇంకా జుట్టు మొలవలేదేంటి?" అన్నాడు బుల్లిరాజు. జట్టు మేస్త్రి అతను. తవుడు దుమ్ముతో కనుబొమలు తెల్లబడి, నవ్వితే ముగ్గుబుట్టలో తల ముంచి లేచినట్టుంటాడు.

"పెద్దమొక్కురా."

"ఏసుబాబుకి చెప్పే వెళ్లావా, దొంగతనంగా వెళ్లొచ్చావా?"

జట్టువాళ్లు నవ్వారు. రాజరత్నమూ నవ్వాడు. మిల్లులో అందరికీ తెలిసింది అల్సరు అని. రంగు మారిన వేళ్లకి బాయిలరు ఆవిరి కొట్టిందని చెప్పాడు. సెలైను రోజులకి చుట్టాల చావులు చెప్పాడు. ఇద్దరు పినతండ్రుల్నీ ఒక మేనత్తనీ ఇప్పటికే చంపేశాడు. నిజం చెబితే కామందు జాలిపడతారు. జాలిపడి కూర్చోమంటారు. ఇంట్లో కూర్చోవడం అంటే ఏంటో రాజరత్నానికి తెలుసు, బస్తాలు మోసి నడుం పడిపోయిన తండ్రి అరుగు మీద ఎలా కూర్చున్నాడో చూశాడు.

మొదటి రెండు లారీలూ వాసనతోనే లోపలికి పంపేశాడు. గోనెలోంచి ధాన్యం రాలే చప్పుడు, అరచేతిలో జారే తీరు చాలు వాటికి. గోరు పెట్టాలంటే భయం వేసింది. నిన్నటిది ఇంకా కళ్ల ముందే ఉంది.

నిన్న సాయంత్రం వెంకటరాజు అనే కౌలు రైతు ట్రాక్టరు మీద ధాన్యం తెచ్చాడు. రాజరత్నం ఒక గింజ ఒలిచాడు. లోపల ఏమీ లేదు, వట్టి దొప్పలు. ఇంకొకటి. అదీ అంతే. ఎనిమిది గింజలు ఒలిస్తే ఎనిమిదీ తాలే. "తాలండి, వెనక్కి తీసుకెళ్లండి," అన్నాడు. వెంకటరాజు నోరు తెరిచాడు గాని రత్నం గోరుకు ఎదురు చెప్పడం ఎవరికీ తెలియదు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. అది గేటు దాటుతుంటే రాజరత్నానికి టైర్ల వంక చూడబుద్ధయింది. వట్టి తాలు బరువుకి టైర్లు అంతలా అణగవు.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని, ఎవరూ చూడనప్పుడు, ఇందాక లోపలికి పంపిన ధాన్యంలోంచి గుప్పెడు తీసుకున్నాడు. చక్కటి స్వర్ణ రకం. గింజ నిలబెట్టి నొక్కాడు.

ఖాళీ.

రెండు దొప్పలూ గోటికి అంటుకుని ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. ఇంకొకటి ఒలిచాడు. ఖాళీ. లేచి మెల్లగా గోడౌనులోకి నడిచాడు. దీపావళికి ముందు తనే ఎంచి, విత్తనానికని పక్కన పెట్టించిన బస్తా ఉందక్కడ. ఆ ధాన్యం తాలయితే మండపేటలో ధాన్యమే లేనట్టు. చీకట్లోంచి గుప్పెడు పట్టుకుని వెలుగులోకి వచ్చి ఒలిచాడు.

ఖాళీ.

మిల్లు తన పాటికి తను దడదడలాడుతోంది. గొట్టంలోంచి ఊక వచ్చి కుప్ప మీద పడుతోంది. ఊకకుప్ప పైకి చల్లగా, బూడిదరంగులో పడుకున్న ఏనుగులా ఉంటుంది. లోపల నిప్పు ఉంటుంది, నెలల తరబడి, మంట లేకుండా. తెలియక ఎక్కినవాడు మోకాళ్ల దాకా దిగాక గాని అరవడు. రాజరత్నం దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. గింజలు తాలు కావు. తను ముట్టుకుంటే తాలైపోతున్నాయి. పొద్దున్న అరటి మొదట్లో ఒంపిన గుడ్డు గుర్తొచ్చింది. తన గోరు మింగిన కోడి కడుపులో పచ్చసొన ఏమైంది? తన చెయ్యి తగలగానే ఈ గింజల్లో పాలు ఎక్కడికి ఇంకిపోతున్నాయి?

గోటి కింద చల్లగా ఉంది. ఆ వేలికి ఇంకేదీ తెలియడం లేదు గాని ఆ చలి మాత్రం తెలుస్తోంది.

* * *

పన్నెండింటికి వెంకటరాజు ట్రాక్టరు మళ్లీ వచ్చింది.

"ఏవండీ రాజరత్నం గారూ," అంటూ దిగాడు. ఒళ్లంతా ధాన్యం దూగర, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున్నే రోడ్డు మీద పోసి మళ్లీ తూర్పార పట్టేవండి, మా ఆవిడా నేనూ. చేటడు తాలు కూడా పోలేదండి. తుఫానుకి పడిపోయిన చేల్లో దక్కిందే ఇదండి. నిన్న తమరు వెనక్కి పంపేరంటే ఊళ్లో ఇంకే మిల్లూ గేటు తియ్యలేదండి. రత్నం కాదన్న సరుకా అంటన్నారు. ఇంకోసారి గోరెట్టండి. ఇప్పుడూ తాలంటే కాలవలో పోసేసి పోతాను."

కేకలకి చంద్రరావుగారు ఆఫీసుగదిలోంచి బయటికి వచ్చారు. జట్టువాళ్లు బస్తాలు దించి నిలబడ్డారు.

రాజరత్నం గొట్టం పొడిచాడు. గుప్పెడు తీశాడు. నలిపాడు, ఊదాడు. పోయింది పిసరంత దుమ్ము. గింజ నిలబెట్టి నొక్కాడు. అందరూ అతని గోటి వంకే చూస్తున్నారు. దొప్పలు విడిపోయాయి.

ఖాళీ.

గట్టి అంటే తన గోరు పోయినట్టు. తాలు అంటే వెంకటరాజు పోయినట్టు. మధ్యలో ఇంకో మాట లేదు.

"బుల్లిరాజూ," అన్నాడు రాజరత్నం. "నువ్వొకటి ఒలువు."

"నేనా? నా గోళ్లు గజ్జి గోక్కోడానికే మావా."

"పళ్లతో కొరుకు. ఇదిగో, నా గుప్పిట్లోదే."

బుల్లిరాజు వెటకారంగానే ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. కటుక్కుమంది. ఉమ్మి అరచేతిలో పెట్టి చూపించాడు. పాలరాయి ముక్కలా తెల్లటి బియ్యం.

"గట్టిదే కదేంటి మావా."

"ఇంకొకటి."

పది గింజలు కొరికాడు. పదీ గట్టివే. రాజరత్నం అదే గుప్పిట్లోంచి ఆఖరి గింజ తీసి తను ఒలిచాడు. దొప్పల మధ్య ఖాళీలోకి కాసేపు చూశాడు. తర్వాత ప్లాస్టరు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్లు మొద్దుబారి చివర దొరక్కపోతే బుల్లిరాజు సాయం చెయ్యబోయాడు. వద్దని తల తిప్పి, పళ్లతో లాగాడు. గోరు ఒక పక్క పూర్తిగా లేచిపోయి, ఇంకో మూల మీద వేలాడుతోంది. దాని కింద చర్మం పచ్చి వేరుశనగపప్పులా ఉంది.

"నిన్నటి ధాన్యం తాలు కాదండి వెంకటరాజు గారూ," అన్నాడు, బొటనవేలు పైకెత్తి. "తాలు ఇదండి. మీకు అన్యాయం చేసేను."

వెంకటరాజు తిట్టడానికే వచ్చాడు. ఆ వేలు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"అల్సరన్నావు కదా రత్నం?" అన్నారు చంద్రరావుగారు.

"ఆయ్. అబద్ధవండి. కేన్సరండి. నాలుగు సెలైన్లయ్యేయి."

చంద్రరావుగారు మిల్లు వంక చూశారు, ఆకాశం వంక చూశారు. "బండి లోపలికి పంపండి," అన్నారు చివరికి. తర్వాత గుమస్తాని కేకేసి, అలమారాలో మూడేళ్లుగా పడున్న తేమ చూసే మిషను తెమ్మన్నారు. దాన్లో బ్యాటరీలు చీమిడి కక్కి ఉన్నాయి. కొత్తవి తేవడానికి ఎవరో బజారుకి పరిగెత్తారు.

"అది తడి చెప్తదండి," అన్నాడు రాజరత్నం. "తాలు చెప్పదు. తాలుకి బుల్లిరాజు పళ్లున్నాయి."

"సరేలే. నువ్వు కాసేపు కూర్చో."

కూర్చోమన్నారు. రాజరత్నం కూర్చున్నాడు.

బస్తాలు దిగుతుంటే మోకాళ్ల మీద సాంపిల్ పళ్లెం పెట్టుకుని, అలవాటు కొద్దీ ఒకటొకటే గింజ తీసి ఒలుస్తూ, పొట్టు పళ్లెంలో ఓ పక్కకి వేస్తూ ఉన్నాడు. ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చూడనక్కర్లేదు కూడా. కళ్లు ఊకకుప్ప మీద ఉన్నాయి, వేళ్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. వెంకటరాజు వెళ్తూ వెళ్తూ అతని ముందు ఆగి చేతులు జోడించాడు. అతను తలూపాడనే వెంకటరాజు తర్వాత అందరికీ చెప్పాడు.

మూడింటికి టీ వచ్చింది. "మావా, టీ," అన్నాడు బుల్లిరాజు గ్లాసు పట్టుకుని. "మావా, ఇప్పుడు నాకు స్టూలిచ్చేసినట్టేనా?"

రాజరత్నం గోడకు ఆనుకుని ఉన్నాడు. తవుడు దుమ్ము పడి కనురెప్పలు తెల్లగా ఉన్నాయి. మిల్లులో అందరివీ అలాగే ఉంటాయి కాబట్టి బుల్లిరాజు మూడోసారి పిలిచాక గాని ముట్టుకోలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

గ్లాసూ, పళ్లెమూ కింద పెట్టి, ఇద్దరి సాయంతో పైకి లేపాడు. పంచె మడత జారింది. అందులోంచి తెల్లగా ఏదో జలజలా రాలింది.

బియ్యం. సిమెంటు గచ్చు మీద చెదిరిపోయాయి. అతని స్పర్శ లేని వేళ్ల మధ్య నుంచి పొద్దుటి నుంచీ జారిపడ్డవన్నీ ఒళ్లో మడతలో చేరాయి. అతను ఖాళీ అనుకున్న ప్రతి గింజా అక్కడుంది. బుల్లిరాజు మోకాళ్ల మీద కూర్చుని, అన్నం తొక్కకూడదని, ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వేశాడు. గుప్పెడైంది. చంద్రరావుగారు వంగి చూశారు. పసుపు కలిపితే ఇప్పటికిప్పుడు పెళ్లిపీటల మీదికి పనికొస్తాయి. ఒక్కటీ విరగలేదు.

* * *

సాయంత్రం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లాక, బుల్లిరాజు ఆ పళ్లాన్ని తువ్వాలుతో కప్పి తెచ్చి జ్ఞానమ్మ ముందు పెట్టాడు. "మావ ఒలిచినయ్యి అత్తా. పారబోయడానికి చెయ్యి రాలేదు," అన్నాడు.

ఒక పక్క బియ్యం, ఒక పక్క పొట్టు. నల్లకోడి అరుగెక్కి వచ్చింది. మెడ పక్కకి తిప్పి పళ్లెంలోకి ఒంటికన్నుతో చూసింది. ఎప్పుడూ గింజ కనిపిస్తే ఆగని కోడి, ముక్కు ఆనించకుండా తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది.

జ్ఞానమ్మ పొట్టులో వేళ్లు పెట్టి కదిపింది. అన్ని దొప్పల మధ్య ఒక నల్ల దొప్ప తగిలింది. తీసి అరచేతిలో పెట్టుకుంది. దీపం దగ్గరికి జరిగి, పొద్దుటి అలవాటునే, కొస నుంచి మొదలుకి చూపుడువేలు నడిపించింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆమె వేలు అక్కడ ఆగలేదు. పొద్దున్న కట్టు కట్టేటప్పుడు నున్నగా ఉన్న మొదట్లో, ఇంకా ఎక్కించని ఐదో సెలైను గీత, వెంట్రుక మందాన, గోరు ఈ చివర నుంచి ఆ చివర దాకా పడి ఉంది.